అత్తయ్య గ్లాసు పక్కన పెట్టేస్తున్నారు

ప్రశ్న: మాది హనుమకొండ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మా ఇంట్లో చాయే తప్ప కాఫీ తెలియదు. అత్తవారిది తెనాలి. పెళ్ళయ్యాక మియాపూర్‌లో కాపురం పెట్టాం. మూడు నెలల నుంచి అత్తయ్య మా దగ్గరే ఉంటున్నారు. పొద్దున ఆరింటికల్లా ఆవిడకి ఫిల్టర్ కాఫీ పడాలి. సంక్రాంతి సెలవుల్లో అరకు వెళ్ళినప్పుడు మంచిదని చికోరీ లేని కాఫీ పొడి కిలో కొనుక్కొచ్చాం. పాడవకుండా ఫ్రిజ్‌లోనే పెడుతున్నాను. ఇంకా పావుకిలో పైనే ఉంది. కొత్త స్టీలు ఫిల్టరు కూడా కొన్నాను. అయినా ఒకరోజు డికాషన్ రెండు నిమిషాల్లో బడబడా దిగిపోతుంది, ఇంకోరోజు గంటైనా దిగదు. అత్తయ్య ఏమీ అనరు. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేస్తారు. నోరు తెరిచి అనేసినా బాగుండేది, ఈ టెన్షన్ భరించలేకపోతున్నాను. మావారు కాఫీ మెషిన్ కొందామంటున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దు, కొనకండి. ముందు మీ అత్తగారిని ఒక్క మాట అడగండి. తెనాలిలో పొడి ఎలా పట్టించేవారు, చికోరీ ఎంత వేయించేవారు? ఈ మూడు నెలల్లో మీరు అడగని ప్రశ్న ఇదొక్కటే అని నా అనుమానం. మీరు తెచ్చింది మంచి కాఫీయే. కాకపోతే ఆవిడ ఇన్నేళ్ళుగా తాగుతున్నది వేరే కాఫీ.

మా చిన్నప్పుడు రాజమండ్రిలో నెలకి రెండుసార్లు నన్ను కాఫీ పొడి కొట్టుకి పంపేవారు. ‘ప్లాంటేషన్ సగం, పీబెర్రీ సగం, వందకి ఇరవై చికోరీ’ అని నాన్నగారు చెప్పిన లెక్కని దారంతా వల్లె వేసుకుంటూ వెళ్ళేదాన్ని. కొట్టాయన గింజలు తూచి మిషన్‌లో పోస్తే వీధి చివరిదాకా వాసన. పొట్లం కట్టి ఇచ్చేసరికి ఇంకా వెచ్చగా ఉండేది. చలికాలం అయితే దాన్ని పొట్టకి ఆనించుకుని ఇంటికి వచ్చేదాన్ని. అమ్మ విప్పగానే చిటికెడు తీసి వేళ్ళ మధ్య రాసి చూసేది. ‘ఇవాళ చికోరీ ఎక్కువేశాడు’ అని ఆవిడ అంటే అంతే, మళ్ళీ వెళ్ళి అడగాల్సింది నేనే. కోస్తాలో కాఫీ తాగే ఇళ్ళన్నిటికీ ఇలాంటి లెక్క ఒకటి ఉండేది. మీ అత్తగారికీ ఉండే ఉంటుంది.

ఆ మాటలకి అర్థం చెప్తాను. కొట్లో ప్లాంటేషన్ అంటే పండు పైతొక్క తీసి, కడిగి, ఎండబెట్టిన అరబికా గింజ. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు చదును వైపు ఎదురెదురుగా ఉంటాయి. కొన్ని పండ్లలో ఒక్కటే గింజ, గుండ్రంగా బఠాణీలా ఎదుగుతుంది. వాటిని ఏరి విడిగా అమ్మితే అది పీబెర్రీ. రొబస్టా వేరే జాతి. అరబికాకి వాసన ఎక్కువ, రొబస్టాకి చిక్కదనం, చేదు, నురగ ఎక్కువ. కెఫీన్ కూడా రొబస్టాలో దాదాపు రెట్టింపు ఉంటుంది.

ఇక చికోరీ. అసలది కాఫీయే కాదు. ఒక మొక్క వేరుని ఎండబెట్టి, వేయించి, పొడి కొట్టిందే చికోరీ. అందులో కెఫీన్ ఉండదు. కాఫీకి రంగు, చిక్కదనం, చివర్లో కాస్త మాడిన బెల్లంలాంటి తీపి ఇస్తుంది. నీళ్ళని పట్టి ఉంచి డికాషన్‌ని నిదానంగా దింపుతుంది. శుద్ధమైన కాఫీ ఇష్టపడేవాళ్ళు చికోరీ పేరెత్తితేనే ముఖం చిట్లిస్తారు, అదేదో కల్తీ అన్నట్టు. నాకలా అనిపించదు. చెప్పకుండా కలిపితే కల్తీ, చెప్పి కలిపితే రుచి. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కలిపి అమ్మే పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. ఏది ఎంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి కూడా. ఎంత వాసన రావాల్సిన పొడి అంత రావట్లేదంటే ఆ చిన్న అక్షరాలు చదవండి, చాలామంది ఇళ్ళలో సగానికి సగం చికోరీయే తాగుతుంటారు. విడిగా కొన్న పొడి మీద అనుమానం వస్తే గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసి చెంచాడు పొడి పైన చల్లండి. కాఫీ కాసేపు తేలుతుంది. చికోరీ గోధుమరంగు గీతలు గీసుకుంటూ అడుక్కి దిగిపోతుంది.

ఇప్పుడు మీ వంటింట్లో ఏం జరుగుతోందో చూద్దాం. అరకు పొడి ఒట్టి అరబికా, చికోరీ లేదు. అలాంటి పొడిని మరీ నల్లగా వేయించకపోతే అందులో సన్నటి పులుపు, పండు వాసన మిగులుతాయి. వాటి మీద గ్లాసుడు పాలు పోస్తే అవి పాలల్లో మునిగిపోతాయి. ఇక నాలుక్కి తగిలేది పల్చటి గోధుమరంగు పాలే. ‘ఇవి కాఫీ రంగు వేసిన పాలు’ అని అత్తగారు మనసులో అనుకుని ఉంటారు. పెద్దమనిషి కాబట్టి పైకి అనలేదు.

అంతమాత్రాన అరకు కాఫీని తక్కువ చేయకండి. పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లో, సుమారు 900 నుంచి 1100 మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడన ఆదివాసీ రైతులు పండించే కాఫీ అది. ఆ చెట్లకే మిరియాల తీగలు పాకి ఉంటాయి, మీరు చూసే ఉంటారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్‌లోనూ దాన్ని కొనుక్కుని తాగేవాళ్ళున్నారు, వాళ్ళలో చాలామంది పాలు లేకుండానే తాగుతారు. మీరూ ఒకసారి అలా తాగి చూడండి. చాయ్ అలవాటున్నవాళ్ళకి పాలు లేని అరబికా తొందరగా నచ్చుతుందని నేను గమనించాను. అత్తగారికి మాత్రం వద్దు.

ఆవిడకి కావాల్సింది కలపడం కష్టమేం కాదు. గింజలు అప్పటికప్పుడు పొడి కొట్టి ఇచ్చే కొట్టు మీ దగ్గర్లో ఉందేమో వెతకండి, హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఆవిడ తెనాలి లెక్క చెప్తే అదే చెప్పండి. గుర్తులేదంటే 80 పాళ్ళు కాఫీ, 20 పాళ్ళు చికోరీతో మొదలుపెట్టండి. ఆ 80లో మూడోవంతు రొబస్టా ఉంటే పాలకి ఎదురు నిలుస్తుంది. వారం తాగాక ఇంకా పల్చగా ఉందంటే 70–30కి వెళ్ళండి. అంతకు మించి చికోరీ వేస్తే కషాయం అయిపోతుంది. కొట్టుకి వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి. వాసన చూసి ఆవిడే చెప్తారు, మీరూ నేనూ ఊహించనక్కర్లేదు.

ఎంత కొనాలి? వంద గ్రాములు. మళ్ళీ చెప్తున్నాను, వంద గ్రాములే. మీ ఇంట్లో కాఫీ తాగేది ఒక్క మనిషి. కాఫీ గింజని పొడి కొట్టిన క్షణం నుంచీ దాని వాసన గాల్లో కలిసిపోతూనే ఉంటుంది. కొట్టు వీధంతా ఘుమఘుమలాడుతోందంటే ఆ మేరకు పొట్లంలోంచి పోయిందనే లెక్క. గట్టిగా మూత పెట్టినా రెండు వారాలు దాటితే పొడి చప్పబడుతుంది. సంక్రాంతి పొడి ఇన్ని నెలల తర్వాత ఎలా ఉంటుందో మీకే తెలుసు. గింజలుగా కొంటే వేయించిన తేదీ నుంచి నెలా నెలన్నర దాకా బాగుంటాయి. అందుకే ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ కాదు, వేయించిన తేదీ చూడాలి. అది లేని ప్యాకెట్ ఎంత ఖరీదైనదైనా నేను కొనను.

ఫ్రిజ్ సంగతి. ఇందులో తప్పంతా మీది కాదు, సగం ఇళ్ళలో ఇదే చేస్తారు. రోజూ పొద్దున చల్లటి డబ్బా బయటికి తీసి మూత తెరవగానే గాల్లోని తేమ లోపలి పొడికి పడుతుంది. మళ్ళీ లోపల పెడతారు, మర్నాడు మళ్ళీ తీస్తారు. పైగా కాఫీ పొడి పక్కనున్న వాసనలన్నీ పీల్చుకుంటుంది. నిన్నటి ఉల్లిపాయ ముక్కలు, చేపల పులుసు, దేన్నీ వదలదు. నా అనుభవం చెప్తాను. కాపురం పెట్టిన కొత్తలో ఖాళీ అయిన ఇంగువ డబ్బాని మూడుసార్లు తోమి, ఎండలో పెట్టి, అందులో కాఫీ పొడి పోశాను. ఆ వారమే ఆడపడుచుని చూడ్డానికి పెళ్ళివారు వచ్చారు. కాఫీ తాగి అందులో పెద్దాయన ‘ఏదో ప్రత్యేకంగా ఉందమ్మా, పోపు పెట్టారా?’ అన్నారు. సంబంధం కుదిరింది లెండి. కానీ నలభై ఏళ్ళయినా ఆ ఇంట్లో నా పేరు పోపు కాఫీ వదినే.

కాబట్టి పొడిని వచ్చిన ప్యాకెట్‌లోనే ఉంచి, గాలి నొక్కేసి, క్లిప్పు పెట్టి, దాన్ని గట్టి మూతున్న చిన్న స్టీలు డబ్బాలో పెట్టండి. పెద్ద డబ్బాలో కొంచెం పొడి వేస్తే మిగతాదంతా గాలే. పొయ్యి పైనున్న అలమరలో వద్దు, వేడి తగులుతుంది. కిటికీ పక్కన గాజు సీసా చూడ్డానికి బాగుంటుంది, వెలుతురుకి కాఫీ పాడవుతుంది. చెంచా తడిగా ఉండకూడదని వేరే చెప్పాలా! ఇక గింజలు ఎవరైనా ఎక్కువ తెచ్చిస్తే చిన్న చిన్న ప్యాకెట్లుగా గాలి చొరకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. తీసిన ప్యాకెట్‌ని మామూలు వేడికి వచ్చాకే విప్పాలి, విప్పింది మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు.

డికాషన్ ఒకరోజు బడబడా, ఇంకోరోజు అసలు దిగకపోవడం గురించి. మీరు రాయలేదు గానీ, ఆరుగురికి సరిపడే ఫిల్టరు కొని అందులో ఒక్కరికి రెండు చెంచాల పొడి వేస్తున్నారేమో. వెడల్పాటి గిన్నెలో రెండు చెంచాలు వేస్తే పల్చటి పొర అవుతుంది, నీళ్ళు ఆగవు. అది చూసి మర్నాడు పొడిని గట్టిగా అదిమి ఉంటారు, దాంతో మూసుకుపోయింది. ఇద్దరికి సరిపోయే అన్నిటికన్నా చిన్న ఫిల్టరు తెచ్చుకోండి, లేదా పొద్దుటికీ సాయంత్రానికీ కలిపి ఒకేసారి వేసుకోండి.

రేపు పొద్దున అయిదున్నరకి ఇలా చేసి చూడండి. ఫిల్టరు పై గిన్నె పొడిగా తుడవండి. మూడు నిండు టేబుల్ స్పూన్లు, అంటే ఇరవై గ్రాములకి అటూ ఇటూ, పొడి వేయండి. అది బొంబాయి రవ్వ కన్నా సన్నంగా, మైదా కన్నా బరకగా, మెత్తటి ఉప్పులా ఉండాలి. గిన్నె పక్కన రెండుసార్లు తట్టి పొడిని చదును చేయండి. కాడ ఉన్న చిల్లుల బిళ్ళని దాని మీద పెట్టి, ఒక్క వేలి బరువుతో ఆనించండి, అంతకన్నా నొక్కకండి. నీళ్ళు తెర్లాక పొయ్యి ఆపి అర నిమిషం ఆగండి. మొదట రెండు మూడు చెంచాల నీళ్ళే, పొడి మొత్తం తడిసేలా చుట్టూ పోయండి. ఇక్కడ ఒక్క క్షణం వంగి చూడండి. తాజా పొడి అయితే బిళ్ళ అంచుల చుట్టూ చిన్న చిన్న బుడగలు వస్తాయి, పొడి ఊపిరి పీల్చినట్టు కాస్త పైకి ఉబ్బుతుంది. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న గాలి బయటికి వచ్చే తీరది. మీ సంక్రాంతి పొడి కదలకుండా బురదలా పడి ఉంటుంది. రెండూ పక్కపక్కన చూస్తే నేను ఇంత రాయనక్కర్లేదు.

అర నిమిషం ఆగి మిగతా నీళ్ళు, మొత్తం 150 మిల్లీలీటర్లు దాటకుండా, నెమ్మదిగా పోసి మూత పెట్టేయండి. మళ్ళీ తెరిచి కలపొద్దు, గిన్నెని ఊపొద్దు. పావుగంట, ఇరవై నిమిషాల్లో దిగుతుంది. దిగకుండా నిలిచిపోతే పై గిన్నెని కొంచెం ఎత్తి మళ్ళీ పెట్టండి. కొత్త ఫిల్టర్లలో రెండు గిన్నెలూ బిగుతుగా కూర్చుంటాయి. కింద చిక్కుకున్న గాలి పోయే దారి లేక డికాషన్ ఆగిపోతుంది. అప్పటికీ దిగకపోతే చిల్లులు పూడుకున్నట్టే. పై గిన్నెని వెలుతురుకెత్తి చూస్తే చిల్లులన్నీ చుక్కల్లా కనబడాలి. లేకపోతే స్టీలు గిన్నె అడుగుని సన్న మంట మీద కాసేపు చూపిస్తే ఇరుక్కున్న పొడి మాడి రాలిపోతుంది. చల్లారాక బ్రష్‌తో రుద్ది కడగండి. ఇత్తడి ఫిల్టరుకి మాత్రం ఈ పని చేయొద్దు, లోపలి కళాయి కరిగిపోతుంది.

మీ ఏరియాలో బోరు నీళ్ళో ట్యాంకరు నీళ్ళో వస్తుంటే తాగే నీళ్ళతోనే డికాషన్ వేయండి. గిన్నెలకి తెల్లటి పొర కట్టే నీళ్ళలో కాఫీ రుచి చచ్చిపోతుంది.

పాల గురించి అసలు మొదట్లోనే చెప్పాల్సింది. తెనాలిలో మీ అత్తగారింటికి గేదె పాలు వచ్చి ఉంటాయి. మీరు ఏ ప్యాకెట్ కొంటున్నారో చూడండి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. చాయ్‌కి టోన్డ్ చాలు, ఎందుకంటే చాయ్‌ని పాలతో కలిపి మరిగిస్తాం. కాఫీకి ఆ మరుగు లేదు, చిక్కదనం పాలే ఇవ్వాలి. ఫుల్ క్రీమ్ పాలల్లో నీళ్ళు కలపకుండా ఒక్క పొంగు రానిచ్చి, వెంటనే వాడండి. పొద్దున కాచి, మళ్ళీ మళ్ళీ వేడి చేసిన పాలతో కాఫీ కలిపితే మీగడ ముక్కలు, కాగిన పాల వాసన. మీ చేతిలో మరే పొరపాటూ లేకపోయినా ఆవిడ గ్లాసు పక్కన పెట్టడానికి అదొక్కటి చాలు.

చాయ్ ఇంటి నుంచి వచ్చినవాళ్ళు చేసే పొరపాటు ఇంకొకటుంది, డికాషన్‌ని పాలల్లో పోసి పొయ్యి మీద మరిగించేస్తారు. అలా చేయకండి. గ్లాసులో పంచదార, దాని మీద 30–40 మిల్లీలీటర్ల డికాషన్, ఆ పైన పొంగిన పాలు. డవరాలోకి ఒకసారి, గ్లాసులోకి ఒకసారి తిరగబోస్తే నురగ అదే వస్తుంది. సాయంత్రానికి మిగిలిన డికాషన్‌ని మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే పాడవదు. వాడే ముందు వేడి నీళ్ళ గిన్నెలో కాసేపు కూర్చోబెట్టండి, నేరుగా మంట మీద వేడి చేస్తే చేదెక్కుతుంది. నిన్నటి డికాషన్‌ని మాత్రం పారబోయండి. రెండోసారి నీళ్ళు పోసి దింపిన డికాషన్ సంగతి మీ ఇష్టం, నేనైతే పనికిరాదంటాను. మా అమ్మ పొదుపు కోసం దాన్ని మొదటిదాంట్లో కలిపేసేది, నాన్నగారు ప్రతిసారీ కనిపెట్టేసేవారు.

మీవారు మెషిన్ అంటున్నారు కాబట్టి ఆ మాట కూడా. ఎస్ప్రెస్సో మెషిన్ కొత్త రుచి ఇస్తుంది గానీ తెనాలి రుచి ఇవ్వదు. ఆ డబ్బుతో ఏదైనా కొనాలనే ఉంటే చేత్తో తిప్పే మంచి గ్రైండరు కొనమనండి. గింజల్ని సమానంగా నలుపుతుంది, రోజుకి రెండు నిమిషాల పని. మిక్సీ గింజని నరుకుతుంది, కొంత పిండి, కొంత నూక అవుతుంది. ఆ పిండే ఫిల్టరు చిల్లుల్ని పూడుస్తుంది. ప్రస్తుతానికి మిక్సీయే వాడాలంటే ఆపి ఆపి, నాలుగైదు సెకన్లకోసారి తిప్పండి. జారుని ముందు బాగా కడిగి ఆరబెట్టండి, నిన్న అందులో అల్లం వెల్లుల్లి నూరి ఉంటారు.

మిగిలిన పావుకిలో అరకు పొడిని బాధపడకుండా వదిలేయండి. చిన్న గిన్నెలో పోసి మూత లేకుండా ఫ్రిజ్‌లో ఒక మూల పెట్టండి, ఇన్నాళ్ళూ పీల్చినట్టే మిగతా వాసనలన్నీ పీల్చుకుంటుంది. మళ్ళీ అరకు వెళ్తే పొడి వద్దు, పావుకిలో గింజలు తెచ్చుకోండి, మీ కోసం. అత్తగారు తెనాలి లెక్క ఏం చెప్పారో నాకూ రాయండి. మా రాజమండ్రి లెక్కకి దగ్గరగా ఉందో లేదో చూడాలని ఉంది.